కొత్త కిడ్నీ వెంట వచ్చిన షుగర్: సందేహాలు – సమాధానాలు

కిడ్నీ మార్పిడి అయ్యాక షుగర్ బయటపడిందంటూ గోదావరిఖని, రామగుండం, మందమర్రి వైపు నుంచి వచ్చిన ఉత్తరాలివి. సింగరేణి బొగ్గు గనుల ఉద్యోగుల ఇళ్ళ నుంచి రాసినవే ఎక్కువ. పేర్లు వేయవద్దని దాదాపు అందరూ కోరారు, అందుకని ఊళ్ళ పేర్లే ఇస్తున్నాం. మందుల మోతాదు ఎవరిది వారిదే. ఇక్కడ చదివి సొంతంగా మార్చుకోవద్దు.

మా ఆయన ఓపెన్‌కాస్టులో డంపర్ ఆపరేటరు. రెండేళ్ళు డయాలసిస్ అయ్యాక, నాలుగు నెలల కింద హైదరాబాదులో కిడ్నీ మార్చారు. ఇచ్చింది నేనే. ఆపరేషన్‌కు ముందు ఆయనకు షుగర్ లేదు, నాకూ లేదు. ఇప్పుడు తిన్నాక 240 వస్తోంది. నా కిడ్నీలోనే ఏదన్నా లోపం ఉండి ఆయనకు అంటిందా? అత్తగారింట్లో ఆ మాట అంటున్నారు కూడా.
– ఒక సోదరి, గోదావరిఖని

మీ కిడ్నీలో ఏ లోపమూ లేదమ్మా. ఆ మాట అన్నవాళ్ళకు ఈ పేజీ చూపించండి. ఇన్సులిన్ తయారయ్యేది క్లోమంలో, ఆ క్లోమం ఆయనదే. ఇచ్చినవాళ్ళ కిడ్నీతో పాటు షుగర్ రాదు. శరీరం కొత్త కిడ్నీని పరాయిదని తిప్పికొట్టకుండా రోజూ వాడే మందుల్లో టాక్రోలిమస్ ఒకటి, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఒకటి. మొదటిది క్లోమం నుంచి ఇన్సులిన్ రాకుండా బిగబడుతుంది, రెండోది వచ్చిన ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వదు. ఇంకో సంగతి వింటే మీకు ఆశ్చర్యం కలగవచ్చు. కిడ్నీలు చెడిపోయినప్పుడు ఇన్సులిన్ త్వరగా కరిగిపోక రక్తంలోనే ఎక్కువసేపు తిరుగుతుంది, దాంతో లోపల మొదలైన షుగర్ కూడా పైకి కనబడదు. మీరిచ్చిన కిడ్నీ చక్కగా పనిచేస్తూ ఇన్సులిన్‌ను మామూలుగా ఖర్చు చేయడం మొదలుపెట్టాక ఆ ముసుగు తొలగింది.

ఇది కొత్తగా వచ్చిన గండం కూడా కాదు. మార్పిడి తర్వాత షుగర్ వస్తోందని అమెరికా సర్జన్ థామస్ స్టార్జల్ 1964లోనే రాశారు. ఏ మందులు వాడారు, ఎలా లెక్కించారు అన్నదాన్ని బట్టి, మార్పిడి అయినవాళ్ళలో పదిమందికి ఒకరి నుంచి నలుగురి దాకా ఇది వస్తుంది. ఒక మాట మీ గురించి కూడా. కిడ్నీ ఇచ్చినవాళ్ళు ఏడాదికోసారి బీపీ, కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్, షుగర్, మూత్రంలో ప్రొటీన్ చూపించుకోవాలి. ఆయన్ని తీసుకుని హైదరాబాదు వెళ్ళినప్పుడు మీ చీటీ కూడా రాయించుకోండి. చాలామంది భార్యలు, తల్లులు ఇదొక్కటే మరిచిపోతారు.

మా తమ్మునికి కిడ్నీ మార్చి ఎనిమిది నెలలు. టాక్రోలిమస్ గోళీ వల్లనే షుగర్ వచ్చిందని ఎవరో వీడియోలో చెప్పారట. నాలుగు రోజుల సంది రాత్రి గోళీ మానేసి పొద్దుగాల ఒక్కటే వేసుకుంటున్నాడు. షుగర్ కొంచెం దిగిందని సంబరపడుతున్నాడు. నాకు భయంగా ఉంది.
– యైటింక్లయిన్ కాలనీ

మీ భయం సరైనదే. కానీ నాలుగు రోజుల్లో చేయి దాటిపోయి ఉండకపోవచ్చు, కాబట్టి తమ్ముణ్ణి కోప్పడకుండా ఈరోజే మార్పిడి చేసిన డాక్టరుకు ఫోన్ చేయించండి. మానేసిన గోళీలన్నీ ఒకేసారి వేసుకోకూడదు. క్రియాటినిన్, టాక్రోలిమస్ లెవెల్ చూసి ఎలా మొదలుపెట్టాలో వాళ్ళు చెబుతారు.

వీడియోలో చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం. అదే ఎక్కువ ప్రమాదం. బొగ్గుబాయిలో పైకప్పు కింద నిలబెట్టిన సపోర్టు దారికి అడ్డం వస్తోందని ఎవరూ పీకేయరు కదా, టాక్రోలిమస్ కూడా అంతే. అది ఆపితే శరీరం కిడ్నీ మీద దాడి మొదలుపెడుతుంది. ఆ దాడికి తొలిరోజుల్లో నొప్పి ఉండదు, జ్వరం ఉండకపోవచ్చు, మూత్రం మామూలుగానే వస్తుంటుంది. క్రియాటినిన్ మాత్రం చప్పుడు లేకుండా పెరిగిపోతుంది. షుగర్‌కు వంద మందులున్నాయి, పోయిన కిడ్నీని తిరిగి తెచ్చే మందు లేదు. అవసరమైతే టాక్రోలిమస్ మోతాదు తగ్గించడమో, దాని బదులు సైక్లోస్పోరిన్ ఇవ్వడమో డాక్టర్లు చేస్తారు. అది కూడా కిడ్నీకి ఎంత ముప్పు, షుగర్‌కు ఎంత లాభం అని తూచి చూసుకున్నాకే. మొదటి నెలల్లో ఈ మందు ఎక్కువ ఇచ్చి క్రమంగా తగ్గిస్తారు కాబట్టి, ఓపిక పడితే మీ తమ్ముడు కోరుకున్నది కొంతవరకు దానంతటదే జరుగుతుంది.

మా బాపుకు ఆపరేషన్ అయ్యి పది రోజులు. ఐసీయూలో ఉన్నప్పటి సంది ఇన్సులిన్ సూదులు ఇస్తున్నారు. ఇంతకుముందు షుగర్ లేని మనిషికి గోళీలు కాకుండా నేరుగా సూదులేంటి? ఇక జీవితాంతం తప్పవా?
– మందమర్రి

సూది అనగానే ఆఖరి దశ అనుకోకండి, ఇక్కడది అది కాదు. ఆపరేషన్ ఒత్తిడి, మొదటి రోజుల్లో ఇచ్చే పెద్ద మోతాదు స్టెరాయిడ్ కలిసి, షుగర్ లేని వాళ్ళలో కూడా చాలామందికి ఈ వారాల్లో పెరుగుతుంది. అందుకే 45 రోజులన్నా గడిచి, మందులు ఒక స్థాయికి వచ్చేదాకా డాక్టర్లమైన మేము ‘షుగర్ జబ్బు’ అని ముద్ర వేయం. తొలిరోజుల్లోనే ఇన్సులిన్ ఇచ్చి క్లోమానికి విశ్రాంతినిస్తే తర్వాత షుగర్ పాతుకుపోయే అవకాశం తగ్గుతుందని, 50 మంది మీద చేసిన ఒక చిన్న పరిశోధనలో వియన్నా వైద్యులు 2012లో చూపించారు.

స్టెరాయిడ్ తగ్గుతున్నకొద్దీ ఇన్సులిన్ కూడా తగ్గించాలి. మీరు గమనించాల్సింది అక్కడే. స్టెరాయిడ్ తగ్గించి, ఇన్సులిన్ పాత లెక్కనే పొడిస్తే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక మాటలు కనబడితే మీటరుతో చూడండి. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, పావుగంటకు మళ్ళీ చూసి, డాక్టరుకు చెప్పండి.

నాకు మార్పిడి అయ్యి అయిదు నెలలు. పరగడుపున 98, మూడు నెలల షుగర్ పరీక్ష 5.9. ల్యాబు వాళ్ళు నార్మల్ అన్నారు. కానీ నోరు ఎండిపోతోంది. రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తున్నాను. కొత్త కిడ్నీ గదా, బాగా పనిచేస్తోంది అనుకున్నాను. మూడు కిలోలు తగ్గాను. ఇది కూడా మంచికేనా?
– రామగుండం

మీరు గమనించి రాయడం మంచిదైంది. ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి కాదు, కానీ వచ్చే నెల చెకప్ దాకా ఆగవద్దు. ప్రెడ్నిసొలోన్ మీరు పొద్దున టిఫిన్ తర్వాత వేసుకుంటారు. దాని వేడి మధ్యాహ్నం నుంచి రాత్రి భోజనం దాకా ఉండి, తెల్లవారేసరికి చల్లారుతుంది. అంటే పరగడుపు పరీక్ష మీ షుగర్ అన్నిటికన్నా తక్కువుండే సమయంలో జరుగుతోంది. ఒక మీటరు కొనుక్కుని, మధ్యాహ్నం భోజనం చేసిన రెండు గంటలకు, మళ్ళీ సాయంత్రం నాలుగు ప్రాంతంలో వేలి చుక్క పెట్టి చూడండి. 98 ఉన్న మనిషికి అప్పుడు 230 రావడం మా క్లినిక్‌లో మామూలు విషయం.

మూడు నెలల షుగర్ అని మనం పిలిచే హెచ్‌బీఏ1సీ కూడా ఈ దశలో నమ్మదగింది కాదు. ఎర్ర రక్తకణాలకు పట్టిన చక్కెరను అది కొలుస్తుంది. మార్పిడి ముందూ వెనకా రక్తం ఎక్కించి ఉంటారు, రక్తహీనత ఉంటుంది, కొత్త కణాలు పుట్టుకొస్తుంటాయి. కొత్త కణానికి చక్కెర పట్టే సమయం ఎక్కడిది? అందుకే లెక్క తక్కువ చూపిస్తుంది. మొదటి ఏడాది ఈ ఒక్క పరీక్షను పట్టుకుని షుగర్ లేదని తేల్చవద్దని 2013లో వియన్నాలో కూర్చున్న నిపుణుల బృందం కూడా చెప్పింది. ఖాయంగా తెలియాలంటే 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు రక్తం తీస్తారు. 200, ఆపైన వస్తే షుగర్ ఉన్నట్టే. పరగడుపున 126, ఆపైన వచ్చినా అంతే. ఇక మూత్రం సంగతి. రోజుకు మూడు లీటర్లు తాగమంటారు, ఏళ్ళ తరబడి పనిలేక ముడుచుకుపోయిన మూత్రాశయం కొన్నాళ్ళు ఎక్కువ పట్టుకోలేదు, కాబట్టి పలుమార్లు లేవడం మామూలే. కానీ దానికి దాహం తోడైనా, స్టెరాయిడ్ వాడుతూ కూడా బరువు తగ్గుతున్నా అది కొత్త కిడ్నీ గొప్పతనం కాదు.

టాక్రోలిమస్ లెవెల్ పరీక్ష కోసం నెలకోసారి హైదరాబాదు పోతాం. తెల్లవారుజాము బస్సు ఎక్కి, ఎనిమిదింటికి బస్సులోనే గోళీ వేసుకుంటాను. పదకొండింటికి రక్తం తీస్తారు. ప్రతిసారీ లెవెల్ ఎక్కువుందని డోసు తగ్గిస్తున్నారు. షుగర్ కూడా ఈ ఎక్కువ లెవెల్ వల్లనే అంటున్నారు. నిజమేనా?
– సెంటినరీ కాలనీ

మీ లెవెల్ నిజంగా ఎక్కువుందో లేదో ఈ పరీక్షలు చెప్పలేవు. గోళీ వేసుకున్న మూడు గంటలకు ఎవరి రక్తం తీసినా ఎక్కువే వస్తుంది. రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు, పొద్దుటి మాత్ర మింగకముందు ఇచ్చిన రక్తానికే విలువ. పొద్దుటి మాత్ర జేబులో పెట్టుకుని వెళ్ళండి, రక్తం ఇచ్చిన వెంటనే అక్కడే వేసుకోండి. 200 కిలోమీటర్లకు పైబడ్డ దారి కాబట్టి ముందురోజు సాయంత్రమే చేరుకోవడం, లేదా మీ దగ్గర్లోనే వేళకు రక్తం తీసి పంపే ల్యాబు ఉంటే అక్కడ ఇవ్వడం మేలు. ఇన్నాళ్ళూ గోళీ వేసుకునే వస్తున్నానని డాక్టరుకు దాచకుండా చెప్పండి. లేని ఎక్కువను చూసి డోసు తగ్గిస్తూ పోతే కిడ్నీకి కావలసింది కూడా అందకుండా పోతుంది.

నాది సెకండ్ షిఫ్టు. రాత్రి ఎనిమిది గంటల గోళీ ఇంటికొచ్చాక వేసుకోవచ్చా? షిఫ్టు మారినప్పుడల్లా టైము మార్చుకుంటే ఏమన్నా అవుతుందా?
– శ్రీరాంపూర్

షిఫ్టు మారినా మాత్ర టైము మారకూడదు. ఎనిమిదికి ఎనిమిది అంటే అదే, డ్యూటీ బ్యాగులో ఒక చిన్న డబ్బా పెట్టుకోండి. ప్రతి షిఫ్టుకూ అది కుదరదనుకుంటే, రోజుకు ఒకేసారి వేసుకునే రకం టాక్రోలిమస్ కూడా ఉంది, మీ డాక్టరును అడగండి. షుగర్ మందు సంగతి వేరు, అది భోజనంతో ముడిపడింది. కాబట్టి నైట్ షిఫ్టు వారాల్లో ఎప్పుడు తింటున్నారో చెప్పి దానికి వేరే లెక్క రాయించుకోండి.

డయాలసిస్ అప్పుడు మా ఆయన గ్లాసుతో కొలిచి నీళ్ళు తాగేవాడు. పండు లేదు, పప్పు లేదు. కూరగాయలు ఉడకబెట్టి నీళ్ళు పారబోసి వండేదాన్ని. కిడ్నీ మార్చాక డాక్టర్లు అన్నీ తినొచ్చన్నారు. ఆకలి కూడా విపరీతం. ఆర్నెల్లలో తొమ్మిది కిలోలు పెరిగాడు. ఇప్పుడు షుగర్ అంటున్నారు. మళ్ళీ నోరు కట్టేయమంటే ఆ మనిషి తట్టుకోడు.
– ఎన్టీపీసీ జ్యోతినగర్

ఆ కష్టం పక్కనుండి చూసినవారికే తెలుస్తుంది. మళ్ళీ అలాంటి పథ్యం పెట్టబోవడం లేదు, నమ్మండి. డయాలసిస్ పథ్యం పొటాషియం, నీళ్ళ లెక్క. ఇది అన్నం లెక్క. ఆకలి కూడా ఆయన కక్కుర్తి కాదు, స్టెరాయిడ్ చేస్తున్న పని, మోతాదు తగ్గితే అదీ తగ్గుతుంది.

పళ్ళెంలో సగం కూర, పావు పప్పో గుడ్డో చేపో, మిగిలిన పావు అన్నం. మీ వైపు జొన్నరొట్టె అలవాటే కదా, రాత్రికి అన్నం బదులు రెండు రొట్టెలు, ఆకుకూర పప్పు పెట్టండి. కానీ జొన్న అయితే ఎన్ని తిన్నా షుగర్ పెరగదన్న మాట నిజం కాదు. మక్క గటక, అంబలి కూడా పిండి పదార్థాలే. జామ, బొప్పాయి ముక్కలు, బత్తాయి పండు తినవచ్చు, రసం తీసి తాగవద్దు. పంపరపనస మాత్రం ముట్టుకోకూడదు. అది రక్తంలో టాక్రోలిమస్‌ను పెంచేస్తుంది. షుగర్ ఎక్కువుండేది మధ్యాహ్నం తర్వాత కాబట్టి చాయ్‌లో చక్కెర, సాయంత్రం మిర్చీ బజ్జీలు ముందు మానిపించండి. మధ్యాహ్నం భోజనమయ్యాక అరగంట నడిపించండి, ఎండాకాలమైతే ఇంట్లోనో, నీడపట్టునో. పెరిగిన తొమ్మిదిలో నాలుగైదు కిలోలు దిగినా మీటరులో తేడా కనబడుతుంది. సద్దుల బతుకమ్మ నాడు ఒక మలీద ముద్ద తిన్నాడని గొడవ పెట్టుకోకండి.

కరోనా అప్పటి నుంచి మా ఇంట్లో తిప్పతీగ కషాయం అలవాటు. షుగర్‌కు కూడా మంచిదంటారు. కిడ్నీ మార్చుకున్న మా అన్న తాగవచ్చా? మెంతులు, కాకరకాయ?
– భూపాలపల్లి

కాకరకాయ కూర, కూరలో మెంతులు నిక్షేపంగా తినమనండి. తిప్పతీగ మాత్రం వద్దు. రోగనిరోధక శక్తిని రెచ్చగొడుతుందనే కదా దాన్ని తాగుతారు. కొత్త కిడ్నీ ఉన్న మనిషిలో ఆ శక్తిని అణచిపెట్టడానికే మేము ఇన్ని మందులు ఇస్తున్నాం. తిప్పతీగ తాగిన కొందరికి కాలేయం దెబ్బతిన్న సంగతి ముంబయి వైద్యులు కరోనా కాలంలోనే బయటపెట్టారు. పేరు తెలియని పసర్లు, భస్మాలు, ‘షుగర్ మాయం’ అనే పొడులు ఏవైనా సరే, కిడ్నీ డాక్టరుకు చూపించకుండా నోట్లో వేసుకోవద్దు.

పోయిన వారం ఒళ్ళునొప్పులు, జ్వరం వస్తే పక్క వీధి ఆర్‌ఎంపీ దగ్గర రెండు సూదులు వేయించుకున్నాను. జ్వరం పోయింది. కానీ షుగర్ 380 చూపించింది. మీటరు పాడైందా? ఎంతుంటే దవాఖానకు ఉరకాలి?
– బెల్లంపల్లి

మీటరు పాడైందని నేననుకోను. జ్వరమే షుగర్‌ను పెంచుతుంది. పైగా ఇలాంటి చోట్ల వేసే సూదుల్లో తరచూ ఒకటి నొప్పిది, ఒకటి స్టెరాయిడ్ ఉంటాయి. స్టెరాయిడ్ సూది షుగర్‌ను రెండుమూడు రోజులు ఎగదోస్తుంది. డైక్లోఫినాక్ లాంటి నొప్పి సూది నేరుగా కిడ్నీకే చేటు. ఏ సూదులు వేశారో కనుక్కుని, క్రియాటినిన్ ఒకసారి చూపించుకోండి.

ఇక ఎప్పుడు ఉరకాలంటే, కొన్ని గంటల తేడాతో రెండుసార్లు చూసినా 300 దాటితే అదే రోజు డాక్టరుతో మాట్లాడండి. దానికి వాంతులు, ఆయాసం, మగత తోడైతే మాటల్లేకుండా ఆసుపత్రికే. షుగర్ ఎంతున్నా సరే, 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, మూత్రం తగ్గడం, కొత్త కిడ్నీ పెట్టిన చోట నొప్పి లేదా బిగుతు ఉంటే తెల్లారేదాకా చూడకండి. రెండుమూడుసార్లు వాంతి అయ్యి మాత్రలు కడుపులో నిలవకపోయినా అంతే. వెళ్ళిన చోట డ్యూటీ డాక్టరుకు చెప్పాల్సిన మొదటి మాట ‘నాకు కిడ్నీ మార్చారు’ అని. కొన్ని యాంటీబయాటిక్‌లు, ఫంగస్ మందులు కూడా టాక్రోలిమస్ లెవెల్‌ను ఎటో ఒకవైపు లాగుతాయి, కాబట్టి ఏది రాసినా మార్పిడి డాక్టరుకు ఒక ఫోన్ కొట్టాకే.

మా క్వార్టరు పై అంతస్తు. మే నెలలో కొలిమిలా ఉంటుంది. ఫ్రిజ్ పాడైంది. ఇన్సులిన్ పెన్ను బయట పెడితే పనికిరాదంటారు, నిజమేనా?
– గోదావరిఖని

వాడుతున్న పెన్ను 30 డిగ్రీల లోపు ఉంటే బయటే దాదాపు నాలుగు వారాలు పనిచేస్తుంది. రామగుండం ఎండలో మీ గది 30 దగ్గర ఆగదు కదా. ఒక మట్టికుండలో తడి ఇసుక పోసి, దాంట్లో చిన్న ముంత పెట్టి, పెన్నును ప్లాస్టిక్ సంచిలో చుట్టి ముంతలో ఉంచండి. నీడలో, గాలి తగిలేచోట పెట్టి రోజుకు రెండుసార్లు ఇసుక తడపండి. కొత్త పెన్నులు, పక్కింటివారి ఫ్రిజ్‌లోనైనా సరే, తలుపు అరలో పెట్టండి, ఐసు గడ్డల దగ్గర కాదు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పారేయాల్సిందే. మీటరు స్ట్రిప్పుల డబ్బా కూడా వేడికి, చెమ్మకు చెడుతుంది. లెక్కలు ఉన్నట్టుండి వింతగా వస్తే ముందు దాన్ని అనుమానించండి.

నేను అండర్‌గ్రౌండులో సపోర్ట్‌మన్‌ను. మార్పిడి అయ్యి పది నెలలు, షుగర్ సూది కూడా వాడుతున్నాను. మళ్ళీ దిగొచ్చా? షుగర్ ఉందని రాస్తే అన్‌ఫిట్ చేస్తారేమోనని దోస్తులు దాచిపెట్టమంటున్నారు.
– గోదావరిఖని

దాచవద్దు. ఉద్యోగం సంగతి కొత్తగూడెం మెడికల్ బోర్డు చూసుకుంటుంది, దానిమీద నేను తీర్పు చెప్పలేను. డాక్టరుగా చెప్పగలిగింది ఇది. మిమ్మల్ని కిందికి పంపడానికి నేను జంకేది షుగర్ ఒక్కదాని కోసమే కాదు. కొత్త కిడ్నీ వెనక వీపు దగ్గర ఉండదు, పొత్తికడుపులో ముందువైపు, చాలామందికి కుడిపక్కన, చర్మం కింద చేతికి తగిలేంత పైన ఉంటుంది. క్యాప్‌ల్యాంపు బ్యాటరీ, సెల్ఫ్ రెస్క్యూయర్ వేలాడే బెల్టు సరిగ్గా దానిమీదే బిగుస్తుంది. దిమ్మె ఎత్తేటప్పుడు అక్కడే ఒరుసుకుంటుంది. దానికితోడు తడి, దుమ్ము, ఫంగస్. ఇన్సులిన్ వాడుతున్న మనిషికి కింద షుగర్ పడిపోతే పైకి రావడానికి ఎంత సేపు పడుతుందో నాకంటే మీకే తెలుసు. ఈ కారణాలన్నీ రాసి సర్ఫేసు పని సిఫారసు చేయమని మీ కిడ్నీ డాక్టరును కాగితం అడగండి. ఈలోగా బూట్లు వేసుకునేముందు వేళ్ళ సందులు తుడిచి చూసుకోవడం అలవాటు చేసుకోండి. షుగర్, స్టెరాయిడ్ రెండూ ఉన్న కాలికి చిన్న పుండు కూడా మొండిది.

మా అబ్బాయికి ఇరవై ఆరేళ్ళు. కిడ్నీ నేనిచ్చాను. ఇప్పుడు షుగర్ వచ్చింది. షుగర్ వస్తే కిడ్నీలు పోతాయంటారు. అంటే నేనిచ్చింది కూడా పోతుందా? మళ్ళీ ఆ మిషను పక్కన కూర్చోవాలా?
– ఒక తల్లి, పెద్దపల్లి

లేదమ్మా, షుగర్ రాగానే కిడ్నీ పోదు. అదుపు లేని షుగర్ కిడ్నీని దెబ్బతీయడానికి సాధారణంగా ఏళ్ళు పడుతుంది, అదుపులో ఉంటే ఆ రోజు రాకపోవచ్చు కూడా. పరగడుపున 130 లోపు, తిన్న రెండు గంటలకు 180 లోపు చాలామందికి మేము పెట్టుకునే గురి. కొందరికి స్టెరాయిడ్ తగ్గి, బరువు దిగాక మొదటి ఏడాదిలోనే షుగర్ మందులు మానేయగలుగుతాం, మీవాడి వయసు అందుకు కలిసొచ్చేదే. నిజంగా జాగ్రత్తపడాల్సింది గుండె గురించి, ఇన్‌ఫెక్షన్ల గురించి. అందుకే బీపీ, కొలెస్ట్రాల్ చూపిస్తూ ఉండాలి, సిగరెట్, గుట్కా ఉంటే ఇవాళే మానాలి, ఏడాదికోసారి కంటి రెటీనా పరీక్ష చేయించాలి.

డయాలసిస్ మీద ఉన్నాను. జీవన్‌దాన్‌లో కిడ్నీ కోసం పేరు నమోదు చేయించాను. మా నాయనకు, మేనత్తకు షుగర్ ఉంది. డయాలసిస్‌లోనే హెపటైటిస్ సి కూడా వచ్చింది. మార్పిడి అయితే నాకూ షుగర్ ఖాయమంటున్నారు. అసలు చేయించుకోవడమే మానేయనా?
– సుల్తానాబాద్

మానేయవద్దు. షుగర్ వచ్చే అవకాశం మీకు మిగతావాళ్ళకంటే ఎక్కువే, కానీ ఖాయం కాదు. ఒకవేళ వచ్చినా, షుగర్‌తో ఉన్న కొత్త కిడ్నీ వారానికి మూడుసార్లు మిషను కంటే మేలు. మీకున్న మంచి సంగతి, ఇంకా సమయం ఉంది. హెపటైటిస్ సి కూడా షుగర్‌ను పిలిచేదే, ఇప్పుడు దానికి కొన్ని వారాలు వాడితే దాదాపు అందరికీ నయమయ్యే మాత్రలున్నాయి. మార్పిడికి ముందు వాడాలా, తర్వాతా అన్నది మీ వైద్యబృందాన్ని అడగండి. గ్లూకోజు తాగించి చేసే పరీక్ష ఇప్పుడే చేయించుకుంటే, ఇప్పటికే లోపల షుగర్ ఉందేమో తెలుస్తుంది. కుటుంబంలో షుగర్ ఉందని ముందే చెబితే మందుల ఎంపికలోనూ దాన్ని దృష్టిలో పెట్టుకుంటారు.

ప్రతిసారీ మెడికల్ షాపులో టాక్రోలిమస్ వేరే కంపెనీది ఇస్తున్నారు. మందు ఒకటే అంటున్నారు. పర్వాలేదా?
– మంచిర్యాల

మందు ఒకటే, కానీ ఒంట్లోకి చేరే లెక్క కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. ఈ మందుకు ఆ కొంచెమే ఎక్కువ. వీలైనంతవరకు ఒకే కంపెనీది వాడండి, తప్పక మారిస్తే డాక్టరుకు చెప్పి లెవెల్ చూపించుకోండి. మాత్రలు అయిపోయిన రోజున కాకుండా, పది రోజుల ముందే తెచ్చుకోండి.

రిటైరైన సింగరేణి కార్మికుణ్ణి. మార్పిడి అయ్యి మూడేళ్ళు, షుగర్‌కు గోళీలు వాడుతున్నాను, అన్నీ బాగున్నాయి. పొద్దుగాల ఒక ముంత చెట్టుకల్లు తాగవచ్చా? అది మందులాంటిదే కదా అని మా ఊళ్ళో అంటారు.
– మంథని

మూడేళ్ళుగా అన్నీ బాగున్నాయన్నారు, సంతోషం. అడిగి తాగుదామనుకున్నందుకు ఇంకా సంతోషం, చాలామంది తాగాక అడుగుతారు. కల్లు వద్దు. చెట్టు మీద నుంచి దించింది కాచనిది, పులిసేది, దాంట్లో ఉండే సూక్ష్మక్రిములను మామూలు మనిషి కడుపు తట్టుకుంటుంది, మీరు వాడే మందులతో మీది తట్టుకోకపోవచ్చు. దుకాణం కల్లయితే మత్తు కోసం ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కేసులు తెలంగాణలో ఎన్ని పట్టుబడ్డాయో మీకు తెలిసిందే. పైగా పొద్దున్నే ఖాళీ కడుపున తాగితే షుగర్ గోళీతో కలిసి ఉన్నట్టుండి పడిపోవచ్చు. తాటి ముంజలు వచ్చినప్పుడు, మీ ఎదుటే కొట్టించి, శుభ్రమైన చేతులతో వొలిచిన లేతవి రెండో మూడో తినండి, దానికి నా అభ్యంతరం లేదు.